ముందు కుర్చీలు లెక్కపెట్టండి: కాన్సర్ట్ బ్యాండ్‌కు పీసులు ఎంచుకోవడం, పార్టులు సిద్ధం చేసుకోవడం

కాన్సర్ట్ బ్యాండ్ (ఊదే వాద్యాలు, కొట్టి వాయించే పర్కషన్ ఉండే బృందం) నడిపే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటు ఒకటుంది. రాత్రి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో గొప్ప బ్యాండ్ రికార్డింగ్ వింటారు. ఒళ్లు పులకరిస్తుంది. తెల్లారేసరికి ఆ పీస్ స్కోర్ (అన్ని వాద్యాల స్వరాలూ ఉండే, కండక్టర్ చూసే ప్రతి), పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన కాగితాలు) ఉన్న సెట్‌కు ఆర్డర్ పెట్టేస్తారు. పెట్టె విప్పాక తెలుస్తుంది: అందులో నాలుగు హార్న్ పార్టులున్నాయి, మన దగ్గరున్నది ఒకే ఒక్క హార్న్.

నేనూ ఆ గుంటలో పడినవాణ్నే. ఒకసారి హార్న్ సోలోతో మొదలయ్యే నెమ్మది పీస్ పెట్టాను. కచేరీకి రెండు రోజుల ముందు ఆ హార్న్ వాయించే అమ్మాయికి జ్వరం వచ్చింది. టెన్షన్‌లో కూర్చుని ఆ సోలోను ఆల్టో శాక్సఫోన్‌కు మార్చి రాసిచ్చాను. రాసేటప్పుడు ఒక్క షార్ప్ (స్వరాన్ని అర స్వరం పెంచే గుర్తు) మర్చిపోయాను. ఆ ఒక్క స్వరం ఇప్పటికీ చెవిలో మోగుతుంటుంది. అప్పట్నుంచీ నేను పాటించే పద్ధతి ఇది: పీస్ పేరు తర్వాత, ముందు కుర్చీలు, అంటే వాయించేవాళ్లు ఎవరెవరున్నారన్నది.

1. మీ బ్యాండ్ జాబితా రాసుకోండి

కాగితం తీసుకుని స్కోర్‌లో ఉండే వరుసలోనే వాద్యాలు రాయండి. పైన పికలో, ఫ్లూట్, ఓబో, బాసూన్, క్లారినెట్లు, బాస్ క్లారినెట్, శాక్సఫోన్లు. తర్వాత ట్రంపెట్లు లేదా కార్నెట్లు, హార్న్‌లు, ట్రాంబోన్లు, యుఫోనియం, ట్యూబా. అడుగున టింపనీ, మిగతా పర్కషన్. ఎడిషన్‌ను బట్టి చిన్న తేడాలుంటాయి కానీ వరుస దాదాపు ఇదే.

పక్కన అంకెలు కాదు, మనుషుల పేర్లు రాయండి. "క్లారినెట్లు 8" అని రాసుకుంటే ఏమీ తెలియదు. ఆ ఎనిమిది మందిలో బ్రేక్ (క్లారినెట్ కింది స్థాయి నుంచి పై స్థాయికి మారే చోటు) దాటి పై స్థాయిలో స్వరం చెడకుండా వాయించగలవాళ్లు ఇద్దరేనా, ఆరుగురా అన్నది తెలియాలి. ప్రతి పేరు పక్కనా ఆ మనిషి ఏ స్వరం దాకా హాయిగా వెళ్తాడో రాయండి. ఉత్సాహం వచ్చినప్పుడు అందుకునే పై స్వరం కాదు, గంటన్నర రిహార్సల్ చివర్లో కూడా పలికే స్వరం. ట్రంపెట్ల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ.

పర్కషన్‌ను విడిగా లెక్కపెట్టండి. చాలామంది దీన్ని చివరికి వదిలేసి నాలుక కరుచుకుంటారు. కొత్త పీసుల్లో స్నేర్, బాస్ డ్రమ్, సింబల్స్, టింపనీతో పాటు గ్లాకెన్‌స్పీల్, జైలోఫోన్, వైబ్రాఫోన్, చైమ్స్ అన్నీ ఒకేసారి మోగుతుంటాయి. ముగ్గురున్నచోట ఆరుగురికి రాసిన పీస్ పెడితే, ఆ ముగ్గురూ వాయించడం కన్నా వాద్యాల మధ్య పరిగెత్తడమే ఎక్కువవుతుంది.

చివరగా, ఒక్కరే ఉన్న వాద్యాలకు ఎర్ర గీత గీయండి. ఒకే ఓబో, ఒకే బాసూన్, ఒకే హార్న్. ఆ మనిషి రాకపోతే పీస్ నిలబడుతుందా అన్న ప్రశ్న ప్రతి పీస్‌కూ వేయాలి.

2. గ్రేడ్ అంకెను గుడ్డిగా నమ్మకండి

ప్రచురణకర్తలు పీసులకు కష్టాన్ని బట్టి గ్రేడ్ ఇస్తారు. ఎక్కువగా 1 నుంచి 5 లేదా 6 దాకా, మధ్యలో అర గ్రేడ్‌లు. గ్రేడ్ 1 అంటే మొదటి ఏడాది నేర్చుకుంటున్నవాళ్లు వాయించగల ఐదారు స్వరాలు, సులువైన తాళం. గ్రేడ్ 3 దగ్గర శ్రుతులు మారతాయి, సింకోపేషన్ (తాళం దెబ్బ మీద కాక మధ్యలో పడే ఒత్తు) వస్తుంది, లోపలి పార్టులకు కూడా సొంత పని పడుతుంది. 5, 6 అంటే అనుభవజ్ఞుల బ్యాండ్ పని.

ఈ అంకె ఒక సగటు మాత్రమే. పైగా ఒక ప్రచురణకర్త 3 మరొకరికి 4 అవుతుంది. గ్రేడ్ 3 పీస్‌లో తొంభై శాతం సులువుగా ఉండి, ఒకటో ట్రంపెట్‌కు మాత్రం స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) పైన పదహారు బార్ల (తాళాన్ని విడగొట్టే గళ్లు) పాటు ఊపిరి తిప్పుకోవడానికి చోటు లేకపోవచ్చు. అందుకే స్కోర్ చూసేటప్పుడు నేను ఐదు చోట్లకు తిన్నగా వెళ్తాను: ఒకటో ట్రంపెట్ పై స్వరం, హార్న్‌లు ఒంటరిగా వినిపించే చోటు, మూడో క్లారినెట్ కింది నుంచి పైకి బ్రేక్ దాటే చోటు, ట్యూబాకు ఊపిరి తీసుకునే సందు, పర్కషన్‌కు కావలసిన మనుషులు. ఈ ఐదూ కుదిరితే మిగతాది సాధనతో వస్తుంది.

నా లెక్క చెప్తాను, కాదనేవాళ్లూ ఉంటారు. కార్యక్రమంలో మూడింట రెండు వంతులు బ్యాండ్ శక్తికి అర గ్రేడ్ కిందే ఉండాలి. ఒక్క పీస్ మాత్రం చేయి చాచితే గానీ అందనిది పెట్టాలి. అన్నీ అందనివే పెడితే రిహార్సల్ అంతా స్వరాలు సరిచేయడంతోనే అయిపోతుంది, సంగీతం దాకా వెళ్లం. కచేరీకి వచ్చినవాళ్లు గ్రేడ్ అంకె వినరు, శ్రుతి వింటారు.

3. మూల రచనలతో పరిచయం పెంచుకోండి

కొత్త పీసుల కేటలాగులు సముద్రంలా ఉంటాయి. వాటిలో దూకేముందు నాలుగైదు రచనల స్కోర్లు దగ్గర పెట్టుకుని వినండి. బ్యాండ్‌కు రాయడమంటే ఏమిటో వీటిలో తెలుస్తుంది.

మొదటిది గుస్తావ్ హోల్స్ట్ 1909లో రాసిన ఈ-ఫ్లాట్ (E♭) శ్రుతిలోని మొదటి సూట్. ఆ కాలంలో బ్యాండ్‌లు ఎక్కువగా వాయించినవి మార్చ్‌లు, ఆర్కెస్ట్రా పీసులను బ్యాండ్‌కు మార్చిన అనుసరణలు. పేరున్న స్వరకర్త నేరుగా బ్యాండ్ కోసమే ఇంత శ్రద్ధగా రాయడం అప్పట్లో అరుదు. మూడు భాగాలూ ఒకే చిన్న స్వరవాక్యం నుంచి పుట్టాయి కాబట్టి మధ్యలో ఆపకుండా వాయించమని ఆయనే కోరాడు. ట్యూబా, యుఫోనియం కలిసి మొదలుపెట్టే ఆ షకోన్‌ను (ఒకే ఇతివృత్తం మళ్లీ మళ్లీ వచ్చే భాగాన్ని) ఒక్కసారి స్కోర్‌తో వింటే, ఒకే ఇతివృత్తాన్ని వాద్యం తర్వాత వాద్యానికి ఎలా అప్పగించాలో అర్థమవుతుంది. మన పనికి ఇంకా ఉపయోగపడే సంగతి ఒకటుంది. చిన్న బ్యాండ్‌లు కూడా వాయించుకోవాలని ఆయన చాలా పార్టులను 'ఉంటే వాయించండి' అన్నట్టు రాశాడు. ఆయనదే ఎఫ్ శ్రుతిలోని రెండో సూట్ 1911 నాటిది. దాని మొదటి భాగంలో యుఫోనియంకు మంచి సోలో ఉంది, మీ యుఫోనియం మనిషి గట్టివాడైతేనే ముట్టుకోండి.

రాల్ఫ్ వాన్ విలియమ్స్ 'ఇంగ్లిష్ ఫోక్ సాంగ్ సూట్' తొలిసారి 1923లో వినిపించారు. మధ్యస్థాయి బ్యాండ్‌కు దీనికి మించిన పాఠం తక్కువ. పర్సీ గ్రెయింజర్ 'లింకన్‌షైర్ పోసీ' 1937 నాటిది. ఆరు భాగాలు, జానపద గాయకులు పాడిన తీరును పట్టుకోవాలని బార్ల పొడవులే మార్చేసిన భాగాలున్నాయి. ఒక భాగంలో కొన్నిచోట్ల అసలు తాళమే ఉండదు, కండక్టర్ చెయ్యే తాళం. చదవడానికి అద్భుతం, వాయించడానికి గండం. విద్యార్థి బ్యాండ్‌కు ఇప్పుడే వద్దు.

దారియుస్ మియో 1944లో రాసిన 'స్వీట్ ఫ్రాన్సేజ్' విద్యార్థి బ్యాండ్‌లను దృష్టిలో పెట్టుకుని రాసిందే. ఐదు భాగాలకూ ఫ్రాన్స్ ప్రాంతాల పేర్లు. పైకి తేలిగ్గా కనిపిస్తుంది కానీ శ్రుతి నిలబెట్టడం చెమట పట్టిస్తుంది. పాల్ హిండెమిత్ బి ఫ్లాట్ సింఫనీ 1951 నాటిది. తర్వాతి ఏడాదే, 1952లో, కండక్టర్ ఫ్రెడరిక్ ఫెనెల్ ఈస్ట్‌మన్ విండ్ ఎన్సెంబుల్ మొదలుపెట్టాడు. వంద మంది కలిసి మోగించే బదులు ఒక్కో పార్ట్‌కు ఒక్కో మనిషి అన్న పద్ధతి అక్కణ్నుంచి ఊపందుకుంది. దీని ప్రభావం మీ బ్యాండ్ జాబితా మీద కూడా ఉంటుంది: ఈ పద్ధతిలో రాసిన పీసుల్లో దాక్కోవడానికి చోటుండదు. కరెల్ హుసా 'మ్యూజిక్ ఫర్ ప్రాగ్ 1968'లో మూడో భాగమంతా పర్కషన్‌దే. మొదటి అడుగులో పర్కషన్ జాబితా ఎందుకు విడిగా రాయమన్నానో ఆ స్కోర్ చూస్తే తెలుస్తుంది.

ఇక మార్చ్‌లు. జాన్ ఫిలిప్ సూసా మార్చ్‌లను తేలిగ్గా తీసుకునేవాళ్లు వాటిని సరిగా వాయించనివాళ్లే. ట్రియో (మార్చ్‌లో తర్వాతి సగం) దగ్గర ఒక ఫ్లాట్ (అర స్వరం తగ్గించే గుర్తు) పెరిగి శ్రుతి మారుతుంది. అక్కడ మొదటిసారి కార్నెట్లను, ట్రాంబోన్లను ఆపి, క్లారినెట్లను మెల్లగా వినిపించడం ఆయన బ్యాండ్‌లో అలవాటు. అచ్చు పార్టుల్లో ఇది చాలావరకు ఉండదు. అందరూ చివరిదాకా గట్టిగా ఊదేస్తే మార్చ్ బండరాయిలా ఉంటుంది.

ఆర్కెస్ట్రా అనుసరణల గురించి ఒక్క మాట. వయొలిన్ల వేగపు స్వరాలన్నీ క్లారినెట్ల మీద పడతాయి. క్లారినెట్ వరుస గట్టిగా లేకపోతే అటు చూడకండి.

4. స్కోర్, ఎడిషన్ చూసి కొనండి

కొనేముందు మూడు సంగతులు చూడాలి. సెట్‌లో పూర్తి స్కోర్ ఉందా, కుదించిన స్కోరేనా? పాత మార్చ్ సెట్లలో కండక్టర్‌కు ఒకటో కార్నెట్ పార్ట్ మాత్రమే ఇచ్చిన రోజులున్నాయి. దాంతో రిహార్సల్ చేయడమంటే కళ్లకు గంతలు కట్టుకుని నడవడమే.

రెండోది ఎడిషన్. హోల్స్ట్ మొదటి సూట్‌కు కాలిన్ మాథ్యూస్ సరిచేసిన 1984 ఎడిషన్ ఉంది. 'లింకన్‌షైర్ పోసీ' పాత పార్టుల్లో తప్పులు కోకొల్లలు, ఫెనెల్ కూర్చుని వాటిని సరిచేసి కొత్త ఎడిషన్ తెచ్చాడు. ఒకే పీస్ పాత సెట్, కొత్త సెట్ కలిపేస్తే రిహార్సల్ గుర్తులు (ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి వేసే అక్షరాలు, అంకెలు) కూడా కలవవు, 'E' అక్షరం దగ్గర మొదలుపెడదాం అనగానే సగం మంది వేరే చోట మొదలుపెడతారు.

మూడోది పాత వాద్యాలు. పాత సెట్లలో డి-ఫ్లాట్ పికలో, ఈ-ఫ్లాట్ హార్న్ పార్టులుంటాయి. ఒకే స్వరం రాసిచ్చినా డి-ఫ్లాట్ వాద్యం, సి వాద్యం వేర్వేరు స్వరాలు పలుకుతాయి. ఇప్పటి సి పికలోతో వాయించాలంటే ఆ పార్ట్‌ను అర స్వరం పైకి రాయాలి. ఈ-ఫ్లాట్ హార్న్ పార్ట్‌ను ఎఫ్ హార్న్‌కు పూర్తి స్వరం కిందికి రాయాలి. అనుభవమున్న హార్న్ వాద్యకారులు చూస్తూనే మార్చేస్తారు, కొత్తవాళ్లకు రాసివ్వండి.

డబ్బు లేకపోతే? సూసా మార్చ్‌ల సంపుటాలను అమెరికా మెరైన్ బ్యాండ్ తన వెబ్‌సైట్‌లో స్కోర్లు, పార్టులు, రికార్డింగులతో సహా ఉచితంగా పెట్టింది. ట్రియోలో ఎవరు ఆగాలి, ఎక్కడ మెల్లగా వాయించాలి అన్న ఆ పాత అలవాట్లు కూడా అందులో రాసి ఉంటాయి. పాత రచనల స్కాన్‌లకు ఐఎంఎస్ఎల్‌పీ (IMSLP) వెబ్‌సైట్ ఉంది.

కాపీరైట్ సంగతి మాత్రం జాగ్రత్త. చాలా దేశాల్లో స్వరకర్త చనిపోయాక 60 లేదా 70 ఏళ్ల వరకు హక్కులుంటాయి. అమెరికాలో పాత రచనలకు ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్ల లెక్క. హోల్స్ట్ 1934లో పోయాడు, వాన్ విలియమ్స్ 1958లో, గ్రెయింజర్ 1961లో. కాబట్టి ఒకే రచన ఒక దేశంలో స్వేచ్ఛగా దొరికి, మరోచోట హక్కుల కింద ఉండొచ్చు. మూల రచన పాతదైనా దాన్ని బ్యాండ్‌కు మార్చినవాళ్ల హక్కు వేరు. పాతకాలపు స్వరకర్త బాక్ స్వరాలు అందరివీ, నిరుడు ఎవరో చేసిన బాక్ అనుసరణ అందరిదీ కాదు. ఇంకొకటి: షీట్లు కొన్నంత మాత్రాన నలుగురి ముందూ వాయించే అనుమతి వచ్చినట్టు కాదు, అది చాలాచోట్ల విడిగా తీసుకోవాలి. పెద్ద పీసులు కొన్ని అద్దెకే ఇస్తారు. అప్పుడు తిరిగి పంపే తేదీ ముందే గోడ మీద రాసిపెట్టుకోండి.

5. లేని వాద్యాల లోటు పూడ్చండి

ఏ బ్యాండ్‌లోనూ అందరూ ఉండరు. ప్రచురణకర్తలకూ ఇది తెలుసు, అందుకే ముఖ్యమైన సోలోలను వేరే పార్టుల్లో చిన్న అక్షరాల్లో క్యూలుగా అచ్చు వేస్తారు. ముందు వాటిని వెతకండి. స్కోర్‌లో క్యూ ఉన్నచోట పెన్సిల్‌తో గుండ్రం చుట్టి, ఎవరు వాయిస్తారో పేరు రాయండి. 'ఎవరో ఒకరు వాయిస్తార్లే' అంటే ఇద్దరు వాయిస్తారు, లేదా ఎవరూ వాయించరు.

క్యూ లేనిచోట శ్రుతి మార్పు లెక్క తెలియాలి. కొన్ని మార్పులకు రాయాల్సిన పనే లేదు. యుఫోనియం లేకపోతే దాని ట్రెబుల్ క్లెఫ్ (క్లెఫ్ అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) పార్ట్‌ను టెనర్ శాక్సఫోన్‌కు అలాగే ఇచ్చేయొచ్చు. రెండూ రాసినదానికన్నా ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి), ఒక పూర్తి స్వరం కింద పలుకుతాయి. బాసూన్ పార్ట్‌ను యుఫోనియం బాస్ క్లెఫ్‌లోనే చదివేస్తాడు, నాదం మాత్రం లావుగా ఉంటుంది కాబట్టి మెల్లగా వాయించమనండి. ఓబో పార్ట్‌ను ఫ్లూట్ ఉన్నదున్నట్టు చదువుతుంది, మధ్య సి కన్నా కింది స్వరాలొస్తే మాత్రం దొరకదు.

అన్నింట్లోకీ నాకిష్టమైన చిట్కా బారిటోన్ శాక్సఫోన్‌ది. ట్యూబా లేనప్పుడు, బాస్ క్లెఫ్‌లో ఉన్న ఆ పార్ట్‌ను ట్రెబుల్ క్లెఫ్ అనుకుని చదివి, శ్రుతి గుర్తుకు మూడు షార్ప్‌లు కలిపితే సరిగ్గా అదే స్వరం, అదే స్థాయిలో పలుకుతుంది. ఫ్లాట్‌లుంటే మూడు ఫ్లాట్‌లు తీసేయడం అన్నమాట. రెండు ఫ్లాట్‌లున్న బి ఫ్లాట్ శ్రుతి ఒక షార్ప్ ఉన్న జి అవుతుంది. మధ్యలో వచ్చే షార్ప్, ఫ్లాట్ గుర్తుల దగ్గర మాత్రం ముందే సరిచూసుకోవాలి. శాక్సఫోన్‌కు అందని అడుగు స్వరాలను ఒక ఆక్టేవ్ పైకి తీసుకోవాలి.

హార్న్ పార్ట్‌ను ఆల్టో శాక్సఫోన్‌కు ఇవ్వాలంటే ఒక పూర్తి స్వరం పైకి రాయాలి. అంటే శ్రుతి గుర్తుకు రెండు షార్ప్‌లు కలపాలి. నేను మర్చిపోయిన షార్ప్ ఇక్కడిదే. నాలుగు హార్న్ పార్టులకు ఇద్దరే ఉంటే ఒకటి, రెండు ఇచ్చేసి ఊరుకోకండి. చాలా పీసుల్లో ఒకటి, మూడు పైవి. రెండు, నాలుగు కిందవి. ముఖ్యమైన చోట ఏ రెండు స్వరాలతో కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) పూర్తిగా వినిపిస్తుందో చూసి, ఆ రెండూ కలిపి కొత్త పార్ట్ రాయండి.

సగానికి సగం వాద్యాలు లేకపోతే ఈ అతుకులు మానేసి, నాలుగైదు పార్టులుగా మాత్రమే రాసి, ఎవరికి ఏది కుదిరితే అది వాయించుకునే ఫ్లెక్స్ అనుసరణలు తీసుకోండి. ఇది నామోషీ ఏం కాదు. ఉన్న వాద్యాలకు తగ్గట్టు సాగేలా రాయాలన్న ఆలోచన గ్రెయింజర్‌దే.

6. కార్యక్రమం కూర్చండి

పీసులు ఎంచాక ఒక కాగితం మీద వరుసగా పేరు, శ్రుతి, వేగం, తాళం, నిమిషాలు, ముఖ్య సోలో రాయండి. బ్యాండ్ పీసుల్లో బి ఫ్లాట్, ఈ ఫ్లాట్‌లే రాజ్యమేలుతాయి. నాలుగు పీసులు వరుసగా బి ఫ్లాట్‌లో ఉంటే కారణం తెలియకపోయినా వినేవాళ్లకు విసుగొస్తుంది.

ఆరంభానికి చురుకైనది, కానీ ట్రంపెట్లను పిండేది కాదు. బరువైన పీస్ రెండోదో మూడోదో. దాని వెంటనే నెమ్మది పీస్ పెడితే చెవులకు బాగుంటుంది కానీ అలిసిన పెదవులకు కాదు. మెల్లగా, నిలకడగా ఊదడమే అసలు కష్టం. ఆ రెండింటి మధ్య క్లారినెట్లకో పర్కషన్‌కో పని పడేది ఒకటి పెట్టండి. పర్కషన్ సామాను మార్చే సమయం కూడా నిమిషాల్లో కలపండి.

7. పార్టులు సిద్ధం చేయండి

అసలు పార్టులను పెట్టెలో దాచి నకళ్లు పంచడం చాలాచోట్ల అలవాటే గానీ, హక్కులున్న రచనకు అది తప్పు. కొన్న పార్ట్ కచేరీ ముందు పోతే అప్పటికి నకలు తీసి, తర్వాత కొత్తది కొనడం వేరే సంగతి.

ప్రతి పార్ట్ మూలన సెట్ నంబర్, కాపీ నంబర్ వేయండి. ఏ కాపీ ఎవరికిచ్చారో రాసుకోండి. బార్ నంబర్లు లేని పాత పార్టుల్లో ప్రతి వరుస మొదట్లో నంబర్ రాయించండి. ఈ ఒక్క పనితో రిహార్సల్‌లో ఎంత సమయం మిగులుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. స్కోర్‌తో పార్టులను సరిచూసి తప్పులు దిద్దండి. ముఖ్యంగా రిపీట్‌లు, శ్రుతి గుర్తులు. పెన్సిల్ మాత్రమే. పెన్నుతో గీసిన పార్ట్ తర్వాత వాయించేవాళ్లకు శాపం.

పేజీ తిప్పే చోట విరామం లేకపోతే ఆఖరి వరుసను నకలు తీసి పక్కన అతికించండి. టాబ్లెట్లు వాడేవాళ్లుంటే ఛార్జింగ్ సంగతి వాళ్లకు వదిలేయకండి.

8. మొదటి వాయింపు, వదిలేసే తేదీ

మొదటి రిహార్సల్‌లో పీస్‌ను ఆపకుండా చివరిదాకా వాయించండి, నెమ్మదిగానైనా సరే. ఎక్కడ కూలిందో స్కోర్‌లో గుర్తు పెట్టండి. స్వరాల దగ్గర కూలితే సాధనతో సర్దుకుంటుంది. ఊపిరి, స్థాయి దగ్గర కూలితే మూడు నాలుగు వారాల్లో మారదు.

అందుకే మొదటిరోజే క్యాలెండర్‌లో ఒక తేదీ వేసుకోండి, కచేరీకి మూడు వారాల ముందు. ఆరోజు రికార్డ్ చేసి, మర్నాడు ఒంటరిగా వినండి. పీస్ నిలబడకపోతే తీసేయండి. దాని స్థానంలోకి రావడానికి ఫోల్డర్ అడుగున అందరికీ వచ్చిన ఒక మార్చ్, ఒక చిన్న నెమ్మది పీస్ ఎప్పుడూ ఉండాలి. నా ఫోల్డర్‌లో ఆ రెండూ పసుపు కవర్లో ఉంటాయి. హార్న్ సోలో లేనివే ఎంచాను.